ఎర్రబండ కోడలు ఎంచుకున్న చరిత్ర

డాక్టరు చదువంటే మన దగ్గర దిష్టి తీస్తారు. చరిత్ర చదువుతానంటే మాత్రం కాసేపు ముఖంలోకి చూసి, "పాపం, ఇంకేం దొరకలేదా?" అంటారు. ఆ 'పాపం' అన్న మాటను స్వర్ణలత ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నవ్వి ఊరుకుంది. ఊరుకున్నదంటే ఒప్పుకున్నదని కాదు. ఆ మనిషిని ఎరిగినవాళ్లకు ఈ రెంటికీ తేడా బాగా తెలుసు.

ఆమె ఎర్రబండ కోడలు. మామిడిపల్లి దాటి కొంచెం లోపలికి పోతే వచ్చే చిన్న ఊరది. జొన్న, కంది పండిన చెల్కల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. శంషాబాద్‌లో దిగే విమానాలు ఊరి నెత్తిమీదుగానే పోతాయి కాబట్టి అక్కడివాళ్లకో అలవాటు ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతారు, విమానం దాటిపోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటారు. కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. పుట్టిల్లు మహేశ్వరం వైపు కావడంతో స్వర్ణలతకూ మొదట్లో వింతగానే ఉండేది.

ఇంటర్ కాగానే పెళ్లయింది. భర్త జీవన్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. మాటలు తక్కువ మనిషి. ఆ లోటు అత్త స్వరాజ్యం తీరుస్తుంది. ఆమె నోరు విప్పిందంటే విమానం వచ్చినా ఆపదు, గొంతు ఇంకాస్త పెంచుతుందంతే.

ఎయిర్‌పోర్టుకు పోయే పెద్ద రోడ్డు పక్కన పచ్చటి గడ్డి, పూలమొక్కలు ఉంటాయి కదా, వాటిని చూసుకునే ఒక కాంట్రాక్టరు దగ్గర స్వర్ణలత పనికి కుదిరింది. మొదట కలుపు తీసింది. పని తెలిసిన మనిషి, పదిమందిని నొప్పించకుండా నడిపించగల మనిషి కాబట్టి సూపర్‌వైజరు అయింది. నెత్తిన టోపీ, మెడలో కార్డు వచ్చాయి. ఆ కార్డు చూసుకుని ఆమెకంటే స్వరాజ్యమే ఎక్కువ మురిసింది.

ఆ తోటపని ఆడవాళ్లంతా ఆ రోడ్డుకు భూములు పోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఒకామె, "మా మిర్ప చేను గిక్కడ్నే ఉండె" అంటుంది. ఇంకొకామె, "మా మోటబాయి గా సైన్‌బోర్డు కాడ" అంటుంది. ఈరమ్మ అని ఒక ముసలామె, అక్కడ పూడిపోయిన ప్రతి బావినీ పేరు పెట్టి చెప్పేది. ఒక ఏడు ఈరమ్మ పనికి రావడం మానేసింది, కొన్నాళ్లకు పోయింది. ఆ తర్వాత ఒకరోజు స్వర్ణలత మాటవరసకు, "గా మూలమలుపు బాయికి ఈరమ్మ ఏం పేరు చెప్పేది?" అని అడిగింది. ఎవరికీ గుర్తులేదు. తనకూ గుర్తులేదు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. ఒక మనిషితో పాటు అన్ని బావులూ రెండోసారి పూడిపోయాయి కదా అనిపించి దుఃఖం వచ్చింది.

అదిగో, ఆ దుఃఖంతోనే ఆమె దూరవిద్యలో బీఏ చరిత్ర కట్టింది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, బిడ్డ ఎక్కాలు చదువుతుంటే తను వైస్రాయిల పేర్లు చదివింది. మంచి మార్కులతో పాసయింది. ఎర్రబండలో ఏ కోడలూ అంతవరకూ చేయని పని. పీజీ ఎంట్రన్స్ రాస్తే ర్యాంకు కూడా వచ్చింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

చరిత్ర అంటే ఒకటే అనుకుంటాం. కాదట. ఆమె ముందు రెండు దారులు నిలబడ్డాయి. ఒకటి దూరవిద్యలోనే ఎంఏ ఆధునిక చరిత్ర. ఇంట్లో కూర్చుని చదవొచ్చు, ఉద్యోగం ఉంటుంది, రేపు గ్రూప్స్ పరీక్షకూ పనికొస్తుంది. రెండోది ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం. పాత లిపులు, శాసనాలు, తవ్వకాలు అందులో ఉంటాయి. రోజూ నగరంలోని యూనివర్సిటీకి పోవాలి. పోతే సూపర్‌వైజరు పని కుదరదు. కాంట్రాక్టరు మంచివాడే కానీ ఆ విషయం మొహమాటం లేకుండా చెప్పాడు. సగం పూట వచ్చేవాళ్లు కలుపు తీయొచ్చు గానీ కలుపు తీయించలేరన్నాడు.

సలహాలకు కొదవేముంది? జీవన్ పెదనాన్న కొడుకు మల్లేశ్వర్ ప్లాట్లు అమ్మే వ్యాపారంలో ఉన్నాడు, ఊళ్లో అతని మాటకు బరువుంది. ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"స్వర్ణా, మొదటిదే తీస్కో. తెలంగాణ ఉద్యమం, రాజ్యాంగం, గ్రూప్స్‌ల గవే అడుగుతరు. ఎన్కటి కుండపెంకులు ఎవడడుగుతడు?"

స్వరాజ్యం పప్పులో రాళ్లు ఏరుతూ అందుకుంది. "మట్టి తవ్వుడు నేర్వనీకి కాలేజీకి పోవాల్నా? రా, నేను నేర్పుత. ఆ కార్డు ఊకెనే వచ్చిందా నీకు? దాన్ని ఇడిచిపెడ్తవా?"

జీవన్‌ను అడిగితే, "నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల" అన్నాడు. అంత ప్రేమగా అన్న మాట అంత పనికిరాకుండా ఉండటం అతనికే చెల్లింది.

స్వర్ణలతకు మనసంతా రెండోదాని మీదే. కానీ మనసు చెప్పిందల్లా చేయడానికి ఆమె కొత్తపెళ్లికూతురు కాదు. బిడ్డ చదువు ఉంది, ఇల్లు ఉంది. ఆప్షన్లు పెట్టడానికి సోమవారం ఆఖరు. శనివారం రాత్రికి ఆమె దాదాపు నిర్ణయించేసుకుంది. మొదటిదే. ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు, ఆమె తప్ప.

తెల్లారితే శ్రావణ ఆదివారం, ఊరి బోనాలు. ఆ ఏడు ఇంకో విశేషం కూడా ఉంది. ఎర్రబండ దేవత కత్తుల మైసమ్మ. ఒక నిలువురాయి, చేతిలో కత్తి, ఒంటికి చీర, ముఖానికి వెండి కళ్లు. ఏటా పండుగకు కొత్తగా రంగు వేస్తారు. ఏళ్ల తరబడి పూసిన రంగులతో ముఖం ఉబ్బి, ముక్కూ మూతీ పూడిపోయి, ఇగ అమ్మ అరిగిపోయిందని ఊరంతా అనుకున్నారు. మల్లేశ్వర్ తన ఖర్చుతో పాలరాతి విగ్రహం చేయించాడు. అరిగిన విగ్రహాన్ని పూజలో ఉంచకూడదు కాబట్టి పాత రాయిని డప్పులతో సాగనంపి హిమాయత్ సాగర్ నీళ్లలో కలపాలి. అది ఆనవాయితీ, ఎవరికీ తప్పుగా తోచలేదు. భక్తితోనే చేస్తున్నారు, పాపం.

ఆ ఊళ్లో ఇంకొక కట్టుబాటు ఉంది. ఏ దేవతకైనా మొదటి బిందె నీళ్లు స్వరాజ్యం ఇంటి నుంచే రావాలి. ఆ నీళ్లు పడకుండా ఏ ప్రతిష్ఠా మొదలుకాదు. ఎందుకలా అంటే తాతల నాడు అట్లా నడిచిందంటారు. బిందె అత్తది, కడిగే చేతులు కోడలివి.

పొద్దున్నే పని మొదలైంది. వెండి కళ్లు ఊడదీసి కొత్త అమ్మకు పెట్టాలి. రంగులో కూరుకుపోయి అవి రాలేదు. కొంచెం కిరోసిన్ పోసి, కొబ్బరి పీచుతో రుద్దమన్నారు. స్వర్ణలత రుద్దింది. ఎరుపు పోయింది, కింద పచ్చ వచ్చింది. పచ్చ పోతే నీలం. అట్లా పొర వెనుక పొర లేచిపోయి, చివరికి నల్లటి రాయి బయటపడింది. ఆ రాతి ముఖం మీద చక్కగా మెలిదిప్పిన మీసం ఉంది.

"ఓయమ్మో! అమ్మకు మీసాలేందే!" అని వెనుక నుంచి ఒక ఆడమనిషి కేక పెట్టింది.

నవ్వాలో మొక్కాలో తెలియక జనం అట్లాగే నిలబడిపోయారు. స్వర్ణలత చేతులు మాత్రం ఆగలేదు. కత్తి పట్టిన చెయ్యి తేలింది. కాళ్ల దగ్గర ఒక ఆవు బొమ్మ తేలింది. ఆవు కింద అక్షరాలు తేలాయి, వరుసలుగా.

అప్పుడు ఆగాయి ఆమె చేతులు. పుస్తకంలో ఒక మూల చిన్న బొమ్మగా చూసింది ఇలాంటి రాయిని. వీరగల్లు. పోరులో చనిపోయిన వీరుడికి ఊరు నిలబెట్టుకున్న రాయి. ఆ వీరుడికి తరతరాలుగా చీర కట్టి, బోనం పెట్టి, ఈరోజు నీళ్లలో పారేయడానికి ట్రాక్టరు కూడా తెప్పించారు. ఆమె ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇది అమ్మ కాదు, మన ఊరి కోసం పోయిన మనిషి అన్నది.

ఊరి పెద్ద మొగులయ్య, ఒకప్పటి సర్పంచి, కర్ర పోటేసుకుంటూ ముందుకు వచ్చాడు. వంగి చూశాడు. "నువ్వు ఇస్టరీల బీఏ పాసైనవ్ గద బిడ్డా. గీ రాతల ఏమున్నదో సదువు. ఊరు ఇంటది."

స్వర్ణలత మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి అక్షరం తెలుగులాగే ఉంది. రెండోది తెలిసినట్టే ఉండి జారిపోయింది. మూడోది ఆమె ఎన్నడూ చూడలేదు. మళ్లీ మొదటికి వచ్చింది. వేలు పెట్టి రాసి చూసింది. ఎవరి తర్వాత ఎవరు రాజయ్యారో, ఏ చట్టం ఏ ఏడు వచ్చిందో ఆమెకు తెలుసు. తన ఊరి నడిమధ్య ఉన్న రాయి మీద ఏముందో మాత్రం తెలియదు. పైన విమానం వచ్చింది. జనమంతా అలవాటుగా ఆగారు. అది పోయింది. జనం ఇంకా ఆగే ఉన్నారు, ఈసారి ఆమె కోసం.

మల్లేశ్వర్ ఫోన్‌తో ఫొటో తీసి అందులో చదివించబోయాడు. ఫోనూ చేతులెత్తేసింది. "ముహూర్తం దాటిపోతది, జర జల్ది" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో స్వర్ణలతకు అబద్ధం ఆడాలనిపించింది. ఏ మహారాజో ఈ ఊరికి ఇచ్చిన దానశాసనమని ఒక్క మాట అంటే చాలు. అందరూ చేతులు జోడించేవాళ్లు, రాయి కదిలేది కాదు, ఆమె పరువు నిలిచేది. తప్పని చెప్పగలిగినవాడు ఆ ఊళ్లో ఒక్కడు లేడు. మాట నాలుక చివరికి వచ్చేసింది. అయితే అదే మాట రేపు తన బిడ్డ చెబుతుంది, బిడ్డ పిల్లలు చెబుతారు, రాతి మీద ఉన్న అసలు మనిషి శాశ్వతంగా పోతాడు. ఆమె ఆ మాటను మింగేసింది.

"తాతా, నాకు వస్తలేదు" అన్నది.

వెనుక ఎవరో "పాపం" అన్నారు.

"రాదంటున్నది గద, ఇగ ఎత్తుర్రి" అన్నాడు మల్లేశ్వర్. కుర్రాళ్లు తాళ్లు తెచ్చారు.

స్వర్ణలత రంగులతో నల్లబారిన చేతిని రాతి మీద వేసింది. "నాకు రాదు గని నేర్సుకోరానిదైతే గాదు. గీ రాతలు సదువ నేర్పే కోర్సు ఒకటుంది. నేను గదే తీస్కుంటున్న. నేర్సుకొచ్చి మీ అందరి ముంగట సదివిందాక గీ రాయి ఊరు దాటద్దు."

చెప్పేశాక గానీ తను ఏ చరిత్ర చదవబోతున్నదో ఆమెకే తెలియలేదు. రాత్రంతా తేలనిది ఒక్క ఊపిరిలో తేలిపోయింది.

"నువ్వు ఎప్పుడు నేర్వాలె, ఎప్పుడు సదవాలె? నీ సదువు కోసం ఊరు ఆగుతదా?" అన్నాడు మల్లేశ్వర్. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"ఆగుతది."

ఆ మాట అన్నది స్వరాజ్యం. గుడి మెట్టు మీద బిందె పెట్టుకుని కూర్చున్న మనిషి, లేవకుండానే, బిందె మీద పళ్లెం బోర్లించింది. "నీళ్లు నా కాడ ఉన్నయ్ మల్లేశూ. గింతమందిల నాకు రాదని ఒప్పుకున్నది మా కోడలు. ఒక్క అబద్ధం ఆడితే అయిపోతుండె, ఆడలే. గసుంటిది నేర్సుకుంట అన్నదంటే నేర్సుకుంటది. పాత రాయి కదిలిందా, కొత్తమ్మకు మా ఇంటి నీళ్లు రావు."

పండుగ ఆగిపోయింది. డప్పులవాళ్లు డప్పులు దించుకున్నారు. మొదటి బిందె లేకుండా ప్రతిష్ఠ చేసే ధైర్యం ఎవరికుంది? మొగులయ్య కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. కొత్తమ్మ గుడిలో ఉంటుంది, మీసాల పెద్దాయన గుడి బయట వేపచెట్టు నీడలో ఉంటాడు, కోడలు చదివి చెప్పినాకనే ఏ సంగతైనా. రాయిని జరిపేటప్పుడు అందరికంటే ముందు భుజం పెట్టింది మల్లేశ్వరే. మనిషి మొండివాడే కానీ మనసు చెడ్డది కాదు. అప్పుడు స్వరాజ్యం పళ్లెం తీసి నీళ్లు పోసింది.

ఇంటికి రాగానే మాత్రం ఆమె కోడలి మీద విరుచుకుపడింది. "బంగారమసుంటి నౌకరి పోగొట్టుకుంటివి గద!"

"మరి నువ్వే గదా అత్తా, ఊరు ఆగుతదని..."

"ఊరి ముంగట అనకుంటె ఎట్ల? గది ఊరు, గిది ఇల్లు" అని స్వరాజ్యం వంటింట్లోకి పోయింది. పోతూ పోతూ కోడలి పళ్లెంలో ఇంకో గరిటె పరమాన్నం వేసింది.

సోమవారం స్వర్ణలత ఒక్కటే ఆప్షన్ పెట్టింది. "ఎందుకైనా మంచిది, ఇంట్ల కూసోని సదివేది గూడ పెట్టరాదు?" అన్నాడు జీవన్. "పెట్టను" అన్నది. అతను తలూపి, "పొద్దున ట్రిప్పు నగరంల పడేటట్టు చూసుకుంట, కాలేజీ కాడ దింపుత" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అతను అన్న మాటల్లోకెల్లా మంచి మాట అదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

టోపీని, కార్డును తోటలో పనిచేసే మంజులకు ఇప్పించి, సెలవు రోజుల్లో మళ్లీ కలుపు తీసే కూలిగా కూర్చుంది. చిన్నతనం అనిపించలేదా అంటే, మొదటి రోజు అనిపించింది. నిన్నటిదాకా తను పని చెప్పిన మంజుల ఈరోజు పని చెబుతుంటే చెవులు వేడెక్కాయి. మర్నాటికి తడిమట్టిలో పుల్లతో పాత అక్షరాలు దిద్దుకుంటూ ఆ సంగతే మరిచిపోయింది. ఇప్పటి 'క' అప్పట్లో ఎట్లా ఉండేదో తోటలోని ఆడవాళ్లందరికీ వచ్చేసింది.

క్లాసులో అందరూ తనకంటే చిన్నవాళ్లు. శాసనాలు చెప్పే మేడం మొదటి రోజు ఒక్కొక్కరినీ, "ఈ కోర్సే ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగింది. ఒకరు ఆసక్తి అన్నారు, ఇంకొకరు వేరే సీటు రాలేదన్నారు. స్వర్ణలత లేచి, "ఊరికి మాటిచ్చిన మేడం" అన్నది. మేడం ఆమె పేరు మళ్లీ అడిగి తెలుసుకుంది.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? కిరాణా కొట్టుకు పోతే, "సదువొచ్చిందా?" బస్సు దిగితే, "ఎందాక వచ్చింది?" మొదట్లో అందులో వెటకారం ఉండేది. పోనుపోను వెటకారం పోయి ఎదురుచూపు మిగిలింది. స్వరాజ్యమైతే బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పేది. "మా కోడలు రాళ్లు సదువుతది. కాలేజీల రాళ్లు సదువ నేర్పుతరు, నీకెర్కనా?" అవతలివాళ్లు ముక్కున వేలేసుకుంటే ఇంకా పొంగిపోయేది.

మరుసటి శ్రావణంలో మేడం, తోటి పిల్లలు ఎర్రబండకు వచ్చారు. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి అతికించారు. దాని మీద సిరా అద్దుతుంటే కాగితం నల్లబడి, అక్షరాలు తెల్లగా లేచాయి. ఊరంతా వేపచెట్టు చుట్టూ మూగింది. మేడం ఒకసారి చూసింది. ఆమెకు తెలిసిపోయిందని ముఖం చెబుతూనే ఉంది. అయినా పక్కకు జరిగింది. "మీ ఊరు, మీ మాట. మీరే చదవండి స్వర్ణలత గారూ" అన్నది.

స్వర్ణలత మొదటి వరుస మీద వేలు పెట్టింది. చాలా అక్షరాలు అరిగిపోయాయి. అరిగినచోట అరిగిందనే చెప్పింది, తోచింది కలపలేదు. ఆవులన్న మాట దొరికింది. అడ్డం పడి పోరాడి పడిపోయాడన్న మాట సగం దొరికింది. ఆ తర్వాత ఒకచోట వేలు ఆగింది. రెండుసార్లు సరిచూసుకుంది. మేడం వైపు చూడలేదు.

"పేరున్నది తాతా" అన్నది. "కేతబోయడు."

మొగులయ్య భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. అతన్ని చూసి మల్లేశ్వర్ చెప్పులు విడిచాడు. స్వరాజ్యం, జీవితంలో మొదటిసారి, ఏమీ అనలేక కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంకోపారి చెప్పు బిడ్డా" అన్నాడు మొగులయ్య. "జర గట్టిగ చెప్పు. ఎనకున్నోళ్లకు గూడ ఇనవడాలె."

స్వర్ణలత లేచి నిలబడి, ఊరివైపు తిరిగి, ఆ పేరు చెప్పింది.